గొంతుకి కాపలా

మగపెళ్ళివారు ఇంకా రాలేదు. పది ఎప్పుడో దాటింది. చర్చిలో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా చాలక ఆడవాళ్ళు శుభలేఖలతో విసురుకుంటున్నారు, షారోన్, సుదీప్ అని బంగారు రంగులో అచ్చువేసిన రెండు పేర్లు బెంచీల వరసల్లో పైకీ కిందికీ ఊగుతున్నాయి, ముందు బెంచీ చివర కూర్చున్న ప్రశాంత్ వెనక్కి తిరిగి వాటిని చూస్తున్నాడు, చెల్లెలి పేరు ఇన్ని చేతుల్లో ఒకేసారి ఎగరడం ఎంత బాగుందో అనుకుంటున్నాడు, అనుకుంటూనే మళ్ళీ తన ఫోను వైపు చూస్తున్నాడు. కొత్త బట్టల గంజి వాసన, మల్లెపూల వాసన, గుమ్మంలోంచి గోదారి గాలి, ఆ గాలితో పాటే వెనక షామియానాలో బిర్యానీకి వేయిస్తున్న ఉల్లిపాయల వాసన. ఇన్ని మంచి వాసనల మధ్య భయపడటం కష్టమే. అయినా కొంచెం భయంగానే ఉంది. పదకొండింటికి పాత కీ రద్దయిపోతుంది.

పెళ్ళి పదింటికి. అనుకున్నట్టు మొదలైతే పదకొండు లోపే ప్రమాణాలు అయిపోవాలి, షారోన్ తన ఫోన్లోంచి తన గొంతుతో సమ్మతమే అనేసి ఉండాలి, ఆ తరవాత హైదరాబాదులో అతని కంపెనీ ఏ తాళం మార్చుకుంటే పెళ్ళికేం? కానీ పెళ్ళి తేదీ ఎప్పుడో వేసవిలోనే పాస్టరుగారు ఖాయం చేశారు, కీ రద్దయ్యే తేదీ పోయిన వారం ఆ గొంతు పలికించే మోడళ్ళు నడిపేవాళ్ళు ఖాయం చేశారు, రెండూ వచ్చి ఒకే పూట మీద కూర్చున్నాయి. వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి చూశాడు, ఎవరూ కదల్లేదు. పోనీ పెళ్ళికొడుకు ఉండే అగ్రహారం ఎంత దూరం, నడిచినా వచ్చేయొచ్చు. అయితే సుదీప్‌ని పెంచింది వాళ్ళ పెద్దమ్మ కరుణమ్మ, ఆవిడ అమలాపురం నుంచి రావాలి, ఆవిడొస్తేగాని కారెక్కనని పెళ్ళికొడుకు మొరాయించాడట, ఎదుర్లంక వంతెన మీద లారీ ఆగిపోయి ఆవిడ బస్సు అటువైపే ఉండిపోయిందట. ఈ సందులో మేళంవాళ్ళు వైన్ షాపు దగ్గర దిగారని వెనక బెంచీలో ఎవరో చెప్తున్నారు, కాకినాడ నుంచి వచ్చినోళ్ళు యానాంలో దిగకుండా ఎలాగుంటారండీ అని ఇంకెవరో అంటున్నారు, అందరూ నవ్వుతున్నారు. పక్కన కూర్చున్న అమ్మ విజయకుమారి మాత్రం నవ్వలేదు. పట్టుచీర కొంగుతో మెడ తుడుచుకుని, "అగ్రహారంలో గడియారాలు లేవేంట్రా?" అంది.

షారోన్‌కి గొంతు లేదు. గొంతు లేదంటే, నవ్వు ఉంది, కోపం ఉంది, తల అడ్డంగా ఊపడం ఉంది, అబ్బో అది చాలానే ఉంది, శబ్దం ఒక్కటే లేదు. రెండేళ్ళ కిందట స్వరపేటికలో గడ్డ అన్నారు. తీసేస్తే ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు అని డాక్టరుగారు దాచకుండా చెప్పారు. తీసెయ్యండి అంది షారోన్, ఆ ఒక్క మాటకి వరండాలో ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూశారు, అంత గొంతు. మూడో తరగతి టీచరు. అది క్లాసులో ఎక్కాలు చెప్తుంటే రోడ్డు మీద ఆటోవాళ్ళక్కూడా పదమూడో ఎక్కం వచ్చేసిందని నాన్న ప్రకాశరావు అందరితో చెప్పేవాడు. అప్పటికే ప్రశాంత్ వాళ్ళ కంపెనీ మాట పోయినవాళ్ళ కోసం ఒక యాప్ తయారు చేస్తోంది, మనిషి గొంతు ముందుగా రికార్డు చేసి ఉంచుకుంటే మోడల్ ఆ గొంతు నేర్చుకుంటుంది, తరవాత ఆ మనిషి ఫోన్లో ఏది టైపు చేస్తే అది ఆ గొంతుతోనే పలుకుతుంది. సెలవు పెట్టి ఇంటికొచ్చేశాడు. ఫరంపేటలో వాళ్ళింట్లో నడిమి గది గోడలకి పరుపులు నిలబెట్టారు, చప్పుడు రాకూడదని ఫ్యాను ఆపారు, చెమటలు కారుతుంటే కంపెనీ ఇచ్చిన వాక్యాలు దాని ముందు పెట్టాడు, ప్రయాణికులకు ముఖ్య గమనిక, వాతావరణము పొడిగా నుండును, ఇలాంటివి. రెండు చదివి పక్కన పడేసింది. ఈ మాటలు నేను జన్మలో అంటానా అన్నయ్యా అంది. ఇక తనకి తోచిందే చెప్పింది. మార్కెట్లో చేపలు బేరమాడింది, ఆటోని పిలిచింది, హోంవర్కు చెయ్యని పిల్లల్ని తిట్టింది, చేసిన పిల్లల్ని ముద్దు చేసింది, అన్నయ్యా అని ఎన్ని రకాలుగా పిలవొచ్చో అన్ని రకాలుగా పిలిచింది, డబ్బులు కావాల్సినప్పుడు పిలిచే రకం వేరేగా మళ్ళీ ఇంకోసారి. మధ్యలో అమ్మ తలుపు తోసుకుని వచ్చి మజ్జిగ తాగవే అంటే అదీ రికార్డయింది. ఆఖరి రోజు నవ్వు కూడా పట్టుకుందామని మైకు ముందు కూర్చోబెడితే ఎంత ప్రయత్నించినా నవ్వు రాలేదు, సరేలే అని మైకు ఆపేశాడు, నవ్వు రానందుకు అప్పుడు ఇద్దరికీ నవ్వొచ్చింది, పరుపుల మీద దొర్లిదొర్లి నవ్వారు. అది ఎక్కడా రికార్డు కాలేదు. ప్రశాంత్ చెవుల్లో మాత్రం ఉంది. ఇప్పుడు కూడా, ఈ ఫ్యాన్ల రొదలో, వినబడుతూనే ఉంది.

గుమ్మం దగ్గర చిన్న సందడి, అంతలోనే సద్దుమణిగింది, వచ్చింది ఐసుబాక్సులవాడు. ప్రశాంత్ మళ్ళీ ఫోను చూసుకున్నాడు. హైదరాబాదు ఆఫీసులో ధనశ్రీ కూర్చుని ఉంది, సర్వర్లు చూసుకునేది ఆవిడే. అంతా సిద్ధం, నువ్వు పెళ్ళి చూసుకో, ఇక్కడ నేనున్నా అని పొద్దున్నే మెసేజీ పెట్టింది. నెల కిందట ఓ మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసినప్పుడు అతను అన్నం తింటున్నాడు. మన కీతో ఎవరో లోపలికొస్తున్నారు ప్రశాంత్, మనవాళ్ళు కారు అంది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కంపెనీకి నాలుగైదు యాప్‌లున్నాయి. ఆసుపత్రి చీటీలు చదివి వినిపించేది ఒకటి, బళ్ళలో పిల్లల వ్యాసాలు దిద్దేది ఒకటి, చెరువులో రొయ్యకి ఏం జబ్బో చెప్పేది ఒకటి, షారోన్ వాడే ఈ గొంతు యాప్ ఒకటి. మొదట్లో తొందరలో అన్నిటికీ ఒకటే కీ పెట్టారు. వీధివీధంతటికీ ఒకటే తాళంచెవి అన్నమాట, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఏ మోడల్ దగ్గరికైనా వెళ్ళొచ్చు, నువ్వెవరు అని అడిగేవాళ్ళు లేరు. ఎక్కడ జారిపోయిందో జారిపోయింది. ఎవడో దొంగచాటుగా దాంతో తన పనులు చేయించుకుంటున్నాడు. చేసుకుంటే చేసుకున్నాడు, ఆ వీధిలోనే షారోన్ గొంతు కూడా ఉంది కదా. వాడికి తెలిస్తే, ఆ గొంతుతో అమ్మకి ఫోన్ చేసి ఏదైనా అడగొచ్చు, బళ్ళో పిల్లల్ని ఏదైనా అనొచ్చు, అమ్మ నమ్మేస్తుంది, గొంతు అదే కదా. వాడు దాని జోలికి వెళ్ళలేదని ధనశ్రీ అంతా వెతికి చెప్పేదాకా ప్రశాంత్ చెయ్యి కడుక్కోలేదు.

అప్పుడు మొదలుపెట్టారు గేట్‌వే పని. ఆ సంగతి అమ్మకి చెప్పడం అతనికి బాగా గుర్తు, పెరట్లో పీట మీద కూర్చుని అమ్మ రొయ్యలు ఒలుస్తోంది. ఇకనుంచి ఒకటే గుమ్మమమ్మా, ఏ యాప్ అయినా ముందు ఆ గుమ్మం దగ్గరికే రావాలి, నేను ఫలానా అని చెప్తే చాలదు, రుజువు చూపించాలి, అప్పుడు కాసేపే పనిచేసే పాసు ఒకటి ఇస్తారు, ఆ పాసుతో దాని మోడల్ దగ్గరికే పోనిస్తారు, రొయ్యల చెరువు యాప్ వచ్చి నాకు షారోన్ గొంతు కావాలంటే వెనక్కి పంపేస్తారు అన్నాడు. అమ్మ ఒలుస్తూనే, మరి షారోన్ గొంతు షారోనే అడిగితేనో అంది. దాని ఫోను నుంచి అడిగితేనే ఇస్తారు అన్నాడు. దాని గొంతు కోసం అది పాసు తీసుకోవాలా, బానే ఉందిరా మీ చోద్యం అంది. తరవాత గిన్నె కడుక్కుంటూ, "మంచిదేలే. వస్తువు పోతే ఇంకోటి కొనుక్కుంటాం. గొంతుకి కాపలా ఉండాల్సిందే" అంది.

మేళం! ఈసారి నిజంగానే వచ్చారు. డప్పులు ముందు, వాటి వెనక క్లారినెట్, వైన్ షాపు ప్రభావమో ఏమో ఊపు మహా జోరుగా ఉంది, చర్చి కిటికీ అద్దాలు కూడా తాళం వేస్తున్నాయి. జనమంతా లేచి నిలబడ్డారు. కారులోంచి ముందు పెళ్ళికొడుకు దిగలేదు, పొట్టిగా, నల్లటి కళ్ళద్దాలు పెట్టుకున్న ఓ ముసలావిడ దిగింది, ఆవిడ చెయ్యి పట్టుకుని సుదీప్ దిగాడు. ప్రశాంత్‌కి సుదీప్ అంటే ఇష్టం. కరెంటాఫీసులో లైన్‌మన్. వైరు తెగిందని బడికి వచ్చి నిచ్చెన ఎక్కబోతే షారోన్ పరుగున పోయి బోర్డు మీద 'మెయిన్ ఆపారా?' అని పెద్ద అక్షరాలతో రాసిందట, ఆపలేదట, అప్పుడు ఆపాడట. అలా ప్రాణం పోసింది కాబట్టి చేసుకోవాల్సిందేనని అతని వాదన. ఇద్దరి మాటలూ తనే మాట్లాడేవాడు మొదట్లో, ప్రశ్న అడిగి జవాబు కూడా తనే చెప్పేవాడు. యాప్ చేతికొచ్చిన రోజు షారోన్ అతనితో గొంతెత్తి అన్న మొదటి మాట, మీరు ఎక్కువ మాట్లాడతారు. అతను రెండు రోజులు ఆ మాటే ఊరంతా చెప్పుకున్నాడు.

నాన్న చెయ్యి పట్టుకుని షారోన్ లోపలికి వచ్చింది. తెల్లచీర, తలమీంచి తెల్లటి నెట్టు, మెడ కింద ఊపిరి కోసం డాక్టర్లు పెట్టిన చిన్న ద్వారం మీద సన్నటి లేసు, ఒక చేతిలో పూలగుత్తి, పూలగుత్తి వెనక ఫోను. రిటైరయిన హెడ్మాస్టరు నాన్న, ప్రార్థనకి పిల్లల్ని వరసలో నడిపించినట్టే నడుస్తున్నాడు, గడ్డం మాత్రం వణుకుతోంది. కీర్తన మొదలైంది. సరిగ్గా అప్పుడే ప్రశాంత్ అరచేతిలో పదకొండయింది, పాత కీ పోయింది, ఫోన్లో గేట్‌వే దగ్గరికి ఎవరొచ్చారో చూపించే పలక ఒక్క క్షణం ఖాళీగా ఉండిపోయింది, ఎవరూ రాని పెళ్ళిపందిరిలా. తరవాత ఆసుపత్రి చీటీల యాప్ వచ్చింది, రుజువు చూపించింది, లోపలికి పోనిచ్చినట్టు పచ్చగీత. వ్యాసాల యాప్ వచ్చింది, పచ్చగీత. ఎక్కడో ఏదో బళ్ళో ఏదో పిల్లాడి వ్యాసం కొత్త గుమ్మంలోంచి లోపలికి పోయిందన్నమాట, వాడికి తెలీదు, తెలియక్కర్లేదు. రొయ్యల చెరువులు ఒకదాని వెనక ఒకటి, పచ్చ, పచ్చ, పచ్చ. నెలరోజుల పని కళ్ళముందు బారులు తీరి నడుస్తుంటే ప్రశాంత్‌కి కీర్తన తన కోసమే పాడుతున్నట్టుంది, గొంతు కలిపాడు కూడా, శ్రుతి తప్పితే అమ్మ మోచేత్తో పొడిచింది. అప్పుడు వచ్చింది ఎర్రగీత. షారోన్ ఫోను. మళ్ళీ ఇంకో ఎర్రగీత.

ముందు వేదిక దగ్గర కుర్చీలో కూర్చున్న షారోన్ నెట్టు కింద నుంచి మెల్లగా తల తిప్పి చూసింది. చిన్నప్పట్నుంచీ ఆ చూపు తెలుసు, అన్నయ్యా ఏం చేశావు అనే చూపు. పక్కన చిన్న బల్ల మీద మైకు, దాని ముందు పెట్టాల్సిన ఫోను ఒళ్ళో ఉంది, తెరమీద చక్రం తిరుగుతూ ఉండి ఉంటుంది. నిన్న తన ఫోన్లో ఇదే యాప్ వేరే గొంతుతో పరీక్షించాడు, చక్కగా పలికింది. మరి ఇవాళేమైంది? ఫోనుకి దాని సొంత గొంతు ఒకటి ఉంది, గేట్‌వేతో పని లేకుండా అది చదివేస్తుంది, స్టేషన్లో రైళ్ళు పిలిచే గొంతు. దాంతో నా పెళ్ళి చేస్తే ఫోను గోదాట్లో పారేస్తా అని షారోన్ ముందే రాసి చూపించింది. తల ఊపినా చాలమ్మా, దేవుడు చూస్తాడు అని పాస్టరుగారన్నారు. దానికీ ఒప్పుకోలేదు. చర్చిలో ఇంతవరకూ ఆ యాప్ వాడలేదది, ఇంట్లో, బళ్ళోనే, ఈ బెంచీల్లో కూర్చున్నవాళ్ళు చాలామంది దాని మాట విని రెండేళ్ళయింది. ఇవాళ్టి కోసం దాచుకుంది. ధనశ్రీ మెసేజీ వచ్చింది, నేనూ చూశాను, పాసు అడిగిన సమయం ఇంకా రాలేదంటోంది గేట్‌వే. ఆ వెంటనే ఇంకోటి, సమయం చూడటం పది నిమిషాలు ఆపేయమంటావా, చెల్లి పెళ్ళి కదా, ఎవరూ ఏమనుకోరు.

పాస్టరుగారు వివాహం గురించి మాట్లాడుతున్నారు, ఓర్పు గురించి, మాటలు చెవుల పక్కనుంచి పోతున్నాయి. ఊఁ అని కొడితే అయిపోతుంది. ఒక్క అక్షరం. షారోన్ మాట్లాడేస్తుంది, అందరూ వింటారు, నాన్న వింటాడు. కానీ సమయం చూడటం ఎందుకు పెట్టుకున్నారు, ఎప్పుడో ఎక్కడో కొట్టేసిన పాసు పట్టుకుని ఎవడో రాకుండా ఉండటానికే కదా, ఆ ఎవడో ఇంకా ఎక్కడున్నాడో తెలీదు కదా, పాత తలుపు మూసుకుపోయిందని ఇప్పుడే తెలిసి గుమ్మం చుట్టూ తిరుగుతూ ఉంటాడు, వాడు తిరిగే పది నిమిషాలూ ఇవే. ఏ గొంతు కోసం కాపలా పెట్టాడో ఆ గొంతు పెళ్ళిలోనే కాపలా వాణ్ణి పక్కకి పంపడమా. వద్దు అని కొట్టాడు. సమయం ఇంకా రాలేదట. ఇంకా రాని సమయం నుంచి ఎవరైనా ఎలా అడుగుతారు? ఎర్రగీత తెరిచి చూశాడు, షారోన్ ఫోను తన టైము ఇదీ అని చెప్పుకుంది, పాస్టరుగారి తలమీద గోడగడియారం వైపు చూశాడు, మళ్ళీ ఫోను చూశాడు. అరగంట తేడా. ఆ ఫోను అరగంట ముందు బతుకుతోంది. అరగంట ముందు, అరగంట ముందు, వంటింట్లో గడియారం, అమ్మ చేతివాచీ, హాల్లో గోడ మీది గడియారం, అన్నీ అమ్మ ముందుకి తిప్పి పెట్టినవే, ఆ ఇంట్లో పెరిగినన్నాళ్ళూ బడికి అందరికన్నా ముందెళ్ళి తాళం వేసిన గేటు పట్టుకుని నిలబడ్డ పొద్దుటిపూటలు.

"అమ్మా," అన్నాడు చెవి దగ్గరికి వంగి, "షారోన్ ఫోన్లో టైము నువ్వేమన్నా మార్చావా?"

"నేనా? నేనెందుకు మారుస్తాను?" అని అమ్మ ముందుకే చూస్తూ కూర్చుంది. పట్టుచీర కొంగు సర్దుకుని, "అరగంటేరా. పొద్దున్న ఆ జడలేసే పిల్లలు టీలు తాగుతా కూచున్నారు. అలాగైతే ఇది పన్నెండింటికి కూడా తెమలదని ఫోన్లో కాస్త ముందుకి పెట్టి చూపించాను. పరుగులెత్తారు."

"ఫోన్లో టైము మార్చడం నీకెలా వచ్చు?"

"నువ్వే కదరా నా ఫోన్లో పెట్టిచ్చావు! అయినా నీకెందుకిప్పుడు, తెమిలిందా లేదా?"

ప్రశాంత్ లేచి నిలబడ్డాడు. లేచాకే తెలిసింది చర్చి అంతా నిశ్శబ్దంగా ఉందని. ఈ ఇద్దరి వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి అని పాస్టరుగారు అప్పుడే అడిగి, అలవాటు ప్రకారం కాస్త ఆగారు. ఆ ఆగిన చోట పెళ్ళికూతురి సొంత అన్న నిలబడి ఉన్నాడు. శుభలేఖలు ఊగడం మానేశాయి. ఎక్కడో ఓ పిల్ల ఎక్కిళ్ళు పెడుతోంది. సుదీప్ ముఖంలో నెత్తురు చుక్క లేదు, ఈ మధ్యన ఇతనికి నేనేం చేశాను అని వెతుక్కుంటున్నట్టు కళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయి. నాన్న కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏం బాబూ ప్రశాంత్?" అన్నారు పాస్టరుగారు. "అభ్యంతరమా?"

"ఆయ్, కాదండి! అభ్యంతరం కాదండి. టైమండి. టైము సరిచెయ్యాలండి."

చర్చి కప్పు ఎగిరిపోతుందా అన్నట్టు నవ్వారు. మగపెళ్ళివారి వైపు నుంచి ఎవరో, అయిపోయిందిగా బాబూ, ఆలస్యానికి క్షమించమని అడిగేశాంగా అని అరిచారు. ఆ నవ్వుల్లోంచే నడిచాడు ప్రశాంత్, వేదిక దాకా ఎంత దూరమని, ఏడెనిమిది అడుగులు కూడా లేవు, అయినా ఒళ్ళంతా తేలిపోతోంది, సిగ్గో సంతోషమో తెలీదు, షారోన్ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపితే అది ఫోను ఇవ్వకుండా ముందు ఓ దెబ్బ వేసింది భుజం మీద. సెట్టింగుల్లోకి వెళ్ళాడు. తొందరలో ఒకటికి ఇంకోటి తెరుచుకుంది. మళ్ళీ వెనక్కి. సమయం దానంతటదే సరిచూసుకోవాలి అనే చోట నొక్కాడు. తెరమీద అంకెలు ఒక్కసారి ఉలిక్కిపడి అరగంట వెనక్కొచ్చాయి, చర్చిలో అందరూ ఉన్న సమయంలోకి. ఫోను దాని చేతిలో పెట్టాడు. వెనక్కొచ్చిన అంకెలు చూసి ఇది ఎవరి పనో అర్థమై అది గబగబా ఏదో కొట్టింది. ప్రశాంత్ జేబులో ఫోను వైపు చూడలేదు, పచ్చా ఎరుపా అని చూడలేదు, మైకు వైపే చూశాడు.

"అమ్మా! నిన్నూ...!"

షారోన్ గొంతు. ఎక్కాల గొంతు, ఆటోల గొంతు, చివర్లో సాగదీసే ఆ సాగదీతతో సహా. మైకులోంచి వచ్చి గోడలకి తగిలి తిరిగొచ్చింది. నవ్వుతున్నవాళ్ళు మధ్యలో ఆగిపోయారు. ఆ గొంతు తెలిసినవాళ్ళందరికీ అది ఒకేసారి తెలిసింది, వెనక బెంచీల్లో ఎవరో అయ్యబాబోయ్ షారోనే అన్నారు, ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు, ఆ తరవాత మళ్ళీ నవ్వు, ఇందాకటి నవ్వు కాదు, దానికింద తడి ఉంది. అమ్మ లేచి నిలబడి, తిట్టు తిన్నది తనే అయినా పతకం ఇచ్చినట్టు చుట్టూ చూస్తోంది. నాన్న మాత్రం వరస మధ్యలో తల వంచుకుని కూర్చున్నాడు, అతని భుజం మీద పక్కనున్నాయన చెయ్యి వేశాడు. ప్రశాంత్ తన చోటికి ఎలా తిరిగొచ్చాడో అతనికి గుర్తులేదు. పాస్టరుగారు అడిగారు, కలిమిలోను లేమిలోను, ఆరోగ్యంలోను అనారోగ్యంలోను, ఇతన్ని భర్తగా అంగీకరించడం నీకు సమ్మతమేనా అమ్మా అని. షారోన్ వేలు ఫోను మీద ఆగింది. ఆ మాట ఎప్పుడో రాసి పెట్టుకుంది, నొక్కితే చాలు. నొక్కలేదు. రాసి పెట్టుకున్నది తుడిపేసింది, మళ్ళీ కొత్తగా కొట్టడం మొదలుపెట్టింది, అక్షరం అక్షరం, సుదీప్ మెడ వంచి చూడబోతే ఫోను ఛాతీకి ఆనించుకుంది.

"సమ్మతమే. ఈయన నా మాటకి అడ్డు రాకుండా చివరిదాకా వింటే."

"వింటాను," అన్నాడు సుదీప్, పాస్టరుగారు తనని ఇంకా అడగకముందే. "ఆయ్, వింటానండి." దాంతో ప్రమాణాలు తలకిందులయ్యాయని పాస్టరుగారు నవ్వుతూ పుస్తకం మూసి మళ్ళీ తెరిచారు.

బయట ఎండ పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టుంది. షామియానా కింద ఆకుల చప్పుడు, గరిటెల చప్పుడు, ఫోటోలవాడు ఇటు చూడండి ఇటు చూడండి అంటున్నాడు, ఎవరూ అటు చూడటం లేదు, పెళ్ళికూతురి ముందు పెద్ద వరస కట్టారు, అక్షింతలూ కాదు కానుకలూ కాదు, నా పేరు చెప్పమ్మా, ఒక్కసారి నా పేరు చెప్పు. షారోన్ కొడుతోంది, గొంతు పిలుస్తోంది, పేటలో అత్తలు, బాబాయిలు, దాని దగ్గర చదువుకుని ఇప్పుడు మీసాలొస్తున్న పిల్లలు, బిర్యానీ గంటె చేతిలోనే పట్టుకుని వంటాయన కూడా వచ్చాడు, ప్రతివాళ్ళూ తమ పేరు విని ఏదో కొత్త బట్ట కట్టుకున్నట్టు అలా నడిచి వెళ్ళిపోతున్నారు. ధనశ్రీ మెసేజీ పెట్టింది, ఏంటిది, గేట్‌వే అంతా మీ చెల్లెలే, ఆగదా? ఆగదు అని కొట్టి ప్రశాంత్ ఫోను ఆపేశాడు. ఆకలి దంచేస్తోంది, ఆకలి కూడా ఇవాళ బాగుంది, బిర్యానీ ఎక్కడికీ పోదు, ఇంకాసేపు ఇక్కడే నిలబడి చూస్తే ఏం పోయింది. షారోన్ నవ్వుతోంది. శబ్దం లేదు, లేసు కింద ఊపిరి ఎగసి ఎగసి పడుతోంది, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా, పరుపుల మీద దొర్లినప్పటిలాగే. అది చూస్తే చాలదూ, వినాలా ఏమిటి.

వరస చివర నల్లకళ్ళద్దాల కరుణమ్మ, సుదీప్‌ని పెంచిన పెద్దమ్మ, మిగిలింది. పొద్దుట్నుంచీ బస్సులో నలిగిన చీరలోనే ఉంది, చెప్పులు చేత్తో పట్టుకుంది. పేరు చెప్పమని అడగలేదు. షారోన్ చెయ్యి పట్టుకుని, సరిగా వినబడటానికి చెవి ముందుకి వంచి, "అందర్నీ పిలిసేవు కదమ్మా. నన్నేమని పిలుత్తావో పిలూ" అంది. సుదీప్ ఏదో అనబోయి, మాటిచ్చిన సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. షారోన్ నవ్వు ఆగింది. కొట్టింది, తుడిపేసింది. ఆవిడ ముఖంలోకి చూసింది. మళ్ళీ కొట్టి, ఫోను ఆవిడ చెవి దగ్గరికి తీసుకెళ్ళి మెల్లగా నొక్కింది.

"అత్తమ్మా..."

"ఓయ్," అని పలికింది కరుణమ్మ, పెరట్లో ఉన్నప్పుడు ఇంట్లోంచి ఎవరో కేకేస్తే పలికినంత గట్టిగా. "వత్తన్నానే తల్లీ!"